చిన్న క్లౌన్ చేప పెద్దదాని ముందు వణుకుతోంది – జబ్బా, స్వభావమా?

నీలగిరి_రీఫ్ (నల్గొండ):
అందరికీ నమస్కారం. మా ఇంట్లో మూడడుగుల ఉప్పునీటి ట్యాంక్ ఉంది, సుమారు 200 లీటర్లు. రెండు ఒసెల్లారిస్ క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య, కొన్ని నత్తలు ఉన్నాయి. ఎనిమోన్ (క్లౌన్ చేపలు దూరి ఉండే, టెంటకిల్స్ ఉన్న సముద్ర జీవి) లేదు. చేపలు రెండూ హేచరీలో పుట్టినవే, హైదరాబాద్‌లో కొన్నాను. కొన్నప్పుడు రెండూ ఒకే సైజు. ఇప్పుడు ఒకటి బాగా ఎదిగింది, రెండోది దాని పక్కన పిల్లలా కనిపిస్తుంది.

ఈ మధ్య ఆ చిన్నది వణుకుతోంది. ఈదుతూ ఈదుతూ పెద్దదాని దగ్గరికి రాగానే తల కాస్త కిందికి దించి, ఒంటిని ఒక పక్కకు వంచి, తల నుంచి తోక దాకా కరెంటు షాక్ కొట్టినట్టు గజగజలాడుతుంది. రెండు మూడు సెకన్లే. ఆ తర్వాత ఏమీ జరగనట్టు వెళ్లిపోతుంది. పెద్దదేమో దాన్ని ఒక మూలకు తరుముతుంది, అప్పుడప్పుడు రెక్క కొరుకుతుంది. రాత్రి లైటు ఆపాక రెండూ పైన, ఫిల్టర్ నీళ్లు పడే చోట, పక్కకు ఒరిగి పడుకున్నట్టు తేలుతూ ఉంటాయి. మొదటిసారి చూసి చచ్చిపోయాయేమో అనుకున్నాం. మా అమ్మాయికి నిద్ర పట్టలేదు.

సాలినిటీ (నీటి ఉప్పదనం) 1.025, టెంపరేచర్ 26.5, అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 10. ఇది ఫిట్సా? పరాన్నజీవా? ఏదైనా మందు వేయాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

మిర్యాలగూడ_మెరైన్:
అన్నా, ఆలస్యం చేయొద్దు. వణుకు, రెక్క కొరుకుడు, రాత్రి నీటి పైకి రావడం... ఇవన్నీ వెల్వెట్ అనే పరాన్నజీవి జబ్బుకు మొదటి గుర్తులు కావచ్చు. వెల్వెట్ అయితే రెండు రోజుల్లో ట్యాంక్ ఖాళీ అవుతుంది. ఈ రోజే కాపర్ మందు మొదలుపెట్టు. ఆగి చూద్దాం అని ఆగినవాళ్లు చేపల్ని పోగొట్టుకోవడం నేను చాలాసార్లు చూశా.

పాలమూరు_పగడం (మహబూబ్‌నగర్):
తమ్మీ, ఆ మందు సీసా మూత తీయకు. నీ ట్యాంకులో రొయ్య, నత్తలు ఉన్నాయన్నావు. కాపర్ పడితే ముందు పోయేవి అవే. పైగా రాళ్లు, ఇసుక కాపర్‌ను పీల్చుకుని ఆ తర్వాత ఎప్పుడో మెల్లగా వదులుతుంటాయి. కాపర్ వాడాల్సి వస్తే వేరే ఖాళీ ట్యాంకులో, టెస్ట్ కిట్ దగ్గర పెట్టుకుని వాడాలి.

ముందు నాలుగు సంగతులు చూసి చెప్పు. ఒకటి, చిన్నది ఒంటరిగా ఉన్నప్పుడు కూడా వణుకుతోందా, లేక పెద్దది దగ్గరికి వస్తేనే వణుకుతోందా? రెండు, మేత వేస్తే ఉరికొస్తుందా? మూడు, మొప్పలు ఎలా ఆడుతున్నాయి? గడియారం పెట్టి ఒక నిమిషం లెక్కపెట్టు, పెద్దదానికీ చిన్నదానికీ. నాలుగు, టార్చి పక్కనుంచి వేసి ఒంటి మీద పొడిలాంటిదో, తెల్ల చుక్కలో, జిగురు పొరో ఏమైనా కనిపిస్తుందేమో చూడు. పైనుంచి లైటు వేస్తే కనపడదు, పక్కనుంచే వేయాలి.

నీలగిరి_రీఫ్:
అక్కా, ఇప్పుడే కూర్చుని చూశాను. పెద్దది దగ్గరికి వచ్చినప్పుడే వణుకుతోంది. ఒంటరిగా ఉంటే ఒక్కసారి కూడా లేదు. మేతకు రెండూ పోటీ పడి వస్తున్నాయి. మొప్పల ఆట రెండింటికీ దాదాపు సమానమే, రొప్పుతున్నట్టు లేదు. ఒంటి మీద ఏమీ లేదు, రంగు మెరుస్తూనే ఉంది. చిన్నదాని తోక అంచు మాత్రం ఒకచోట కాస్త చిరిగింది.

పాలమూరు_పగడం:
అయితే భయం లేదు. అది జబ్బు కాదు, లొంగుబాటు. "నువ్వే పెద్ద, నీతో నాకు పోటీ లేదు" అని చిన్నది చెప్పే పద్ధతి అది. ఆ వణుకు చూడగానే పెద్దది తరమడం ఆపుతుందో లేదో గమనించు. నూటికి తొంభై సార్లు ఆపేస్తుంది. వణకకుండా ఎదురు తిరిగితేనే దెబ్బలు పడతాయి. నా దగ్గరున్న జంటలో చిన్నది ఇప్పటికీ రోజూ వణుకుతుంది, మేత దగ్గర మరీ ఎక్కువ.

తోక చిరుగు చిన్నదే అయితే నీరు శుభ్రంగా ఉంటే దానంతట అదే మానుతుంది. చిరుగు రోజురోజుకూ పెరిగినా, చిన్నది మూలనుంచి బయటికి రాకుండా మేత మానేసినా మధ్యలో ఒక గ్రిడ్ పెట్టి విడదీయాలి.

రాత్రి సంగతి అంటావా, సముద్రంలో ఇవి ఎనిమోన్ టెంటకిల్స్ మధ్య దూరి పడుకుంటాయి. నీ దగ్గర ఎనిమోన్ లేదు, హేచరీ పిల్లలకు అదేంటో కూడా తెలియదు. అందుకే ఏదో ఒక మూలను తమదిగా చేసుకుంటాయి. కొందరి ఇంట్లో హీటర్ పక్కన, కొందరి ఇంట్లో పవర్‌హెడ్ (నీటిని తిప్పే చిన్న పంపు) కింద, కొందరి ఇంట్లో అద్దానికి ఆనుకుని. చేపలకు కనురెప్పలు ఉండవు కాబట్టి కళ్లు తెరిచే నిద్రపోతాయి. ఒరిగి పడుకోవడం క్లౌన్ చేపల్లో మామూలే. లైటు వేసిన పది పదిహేను నిమిషాల్లో మామూలుగా ఈదుతున్నాయంటే నిశ్చింతగా ఉండు.

దేవరకొండ_జువాలజీ:
పాలమూరు అక్క చెప్పింది సరైనది. దీని వెనక ఉన్న కథ కొంచెం రాస్తాను, ఎందుకంటే అది తెలిస్తే మీ ట్యాంకులో జరిగేది చాలావరకు మీకే అర్థమవుతుంది.

క్లౌన్ చేపల గుంపులో ఒక వరస ఉంటుంది. అన్నిటికన్నా పెద్దది ఆడది. రెండోది దాని మగ జోడి. మిగతావి పిల్లలు, గుడ్లు పెట్టవు, జత కట్టవు, తమ వంతు కోసం ఎదురుచూస్తుంటాయి. ఏ క్లౌన్ చేపా ఆడదిగా పుట్టదు. ఆడది చనిపోతే మగది ఆడదిగా మారుతుంది, పిల్లల్లో పెద్దది మగ జోడి అవుతుంది. ఒకసారి ఆడదిగా మారితే వెనక్కి రావడం ఉండదు. పెద్ద చేప పెత్తనమే కింది చేపలు ఆడవిగా మారకుండా ఆపుతుందని హాన్స్ ఫ్రికె, సిమోన్ ఫ్రికె 1977లో నేచర్ పత్రికలో రాశారు. పీటర్ బస్టన్ పాపువా న్యూగినీలోని మడాంగ్ లగూన్‌లో పెర్కులా క్లౌన్ చేపల్ని చూసి, కింది వరసలోని చేప పై చేపను మించి ఎదగకుండా తన పెరుగుదలను తానే అదుపులో ఉంచుకుంటుందని 2003లో అదే పత్రికలో వివరించాడు.

అంటే, ఒకే సైజులో తెచ్చిన రెండు చేపల్లో ఒకటి ఎదగడం, రెండోది ఆగిపోవడం మీ మేత లోపం కాదు. ఎవరు ఆడది కావాలో అవి తేల్చుకున్నాయి. నాకు ఈ జీవిలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే. తినడానికి తిండి ఉంది, ఎదగడానికి వయసు ఉంది, అయినా చిన్నగానే ఉంటుంది. ఎందుకంటే పెరిగితే గెంటివేత ఖాయం, ఎనిమోన్ వదిలి బయటికి పోతే సముద్రంలో బతకడం కష్టం.

ఇంకో సంగతి. ట్యాంక్ దగ్గర ఏ మోతా లేనప్పుడు చెవి పెట్టి వినండి. తరిమేటప్పుడు సన్నగా టక్ టక్ మని వినిపించవచ్చు. క్లౌన్ చేపలు దవడలు గట్టిగా మూసి పళ్లు తాకించి చప్పుడు చేస్తాయని పార్మాంటియే బృందం 2007లో సైన్స్ పత్రికలో చూపించింది. ఫిల్టర్ పాడైందని భయపడకండి.

కోదాడ_కొత్త:
నేనూ క్లౌన్ చేపలు పెట్టాలనుకుంటున్నా. రెండింటికే ఇంత గొడవ అయితే మూడోది వేస్తే గొడవ పంచుకుపోతుంది కదా? ఇంకో ప్రశ్న, ఎనిమోన్ బదులు పగడం వేస్తే సరిపోతుందా?

దేవరకొండ_జువాలజీ:
తమ్ముడూ, జోడి కుదిరాక మూడోది వేయొద్దు. సముద్రంలో ఆ మూడోదానికి పక్క ఎనిమోన్‌కు పోయే దారైనా ఉంటుంది, నీ గాజు పెట్టెలో ఎటూ పోలేదు. ఇద్దరూ కలిసి రెక్కలు పీకి చంపుతారు. రెండు చిన్న పిల్లల్ని కలిపి తెచ్చుకో, లేదా ఒకటి పెద్దది, ఒకటి బాగా చిన్నది. ఎదిగిన రెండు పెద్దవాటిని ఎప్పుడూ కలపకు, రెండూ ఆడవే అయ్యుంటే ఒకటి చచ్చేదాకా ఆగదు.

పగడం సంగతి. గట్టి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 షెడ్యూల్ 1లో ఉన్నాయి. సముద్రం నుంచి తీసిన లైవ్ రాక్ కూడా పగడమే. షాపువాడు ఏం చెప్పినా కొనకు. ఎనిమోన్ కూడా మొదట్లోనే వద్దు. దానికి మంచి వెలుతురు, బాగా కుదురుకున్న నీరు కావాలి. అది చచ్చి కుళ్లిందంటే ఒక్క రాత్రిలో చేపల్ని కూడా తీసుకుపోతుంది. హేచరీలో పుట్టిన చేపలు ఎనిమోన్ లేకుండా హాయిగా బతుకుతాయి.

సూర్యాపేట_సాల్ట్:
అందరూ స్వభావం అంటున్నారు, ఈ కేసులో నిజమే కూడా. కానీ ఈ థ్రెడ్ చదివి రేపు ఎవరైనా నిజమైన జబ్బును స్వభావం అనుకుని ఊరుకుంటారేమోనని రాస్తున్నా. పోయినేడు ఒక షాపు నుంచి తెచ్చిన కొత్త జంట మా ఇంట్లో బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవితో పోయింది. క్లౌన్ చేపలకు ఇది ఎంత తరచుగా వస్తుందంటే దాన్ని క్లౌన్ జబ్బు అనే పిలుస్తారు.

ఎలా ఉంటుందో చెప్తా. మొదట నారింజ రంగు మసకబారుతుంది, మీద పాలపొర కప్పినట్టు. దగ్గరగా చూస్తే ఆ పొర చర్మం నుంచి తీగలు తీగలుగా ఊడుతూ ఉంటుంది. చేప పవర్‌హెడ్ ఎదురుగా మూతి పెట్టి నిలబడుతుంది, మొప్పలు టపటపా కొట్టుకుంటాయి, మేత వైపు తల తిప్పదు. ఉదయం అనుమానం వస్తే సాయంత్రానికి పరిస్థితి చేయి దాటుతుంది. దీనికి కాపర్ పనిచేయదు. వేరే ట్యాంకులో ఫార్మలిన్ ఉన్న మందు వాడాలి, గాలి బాగా పెట్టాలి, ఎందుకంటే ఫార్మలిన్ నీటిలో ఆక్సిజన్ తగ్గిస్తుంది. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి, గది కిటికీలు తెరవాలి, మనకు కూడా అది విషమే.

వెల్వెట్ అయితే ఒంటి మీద సన్నటి బంగారు రంగు పొడి చల్లినట్టు ఉంటుంది, చేప వెలుతురుకు దూరంగా పోతుంది, రొప్పుతుంది. తెల్ల చుక్కల జబ్బు అయితే ఉప్పు గింజలు అతికినట్టు స్పష్టంగా కనిపిస్తుంది, రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంది. ఈ రెండింటికే కాపర్.

నేను ఇప్పుడు పాటించేది ఒక్కటే. చేపలు ఆరోగ్యంగా ఉన్నప్పుడే వాటి మొప్పల లెక్క రాసి ట్యాంక్ పక్కన గోడకు అతికించా. అనుమానం వచ్చిన రోజు పోల్చుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

మిర్యాలగూడ_మెరైన్:
@పాలమూరు_పగడం అక్కా, మెయిన్ ట్యాంకులో కాపర్ వద్దన్నది ఒప్పుకుంటా. కానీ ఒక ఖాళీ ట్యాంక్, స్పాంజి ఫిల్టర్, హీటర్ ఇంట్లో రెడీగా ఉండాలని మాత్రం గట్టిగా చెప్తా. జబ్బు కనిపించాక హైదరాబాద్ పోయి సామాన్లు తెచ్చేలోపు చేప ఉండదు. మన ఊళ్లలో ఉప్పునీటి మందులు దొరికే షాపు లేదు.

పాలమూరు_పగడం:
దాంట్లో నీతో నాకు పేచీ లేదు తమ్మీ. ప్రతి ఒక్కరూ పెట్టుకోవాల్సిందే.

వనపర్తి_వాసి:
ఒక చిన్న మాట. కరెంటు షాక్ కొట్టినట్టు అన్నారు కదా, హీటర్ గాజు పగిలినా, పంపు వైరు తెగినా నీటిలోకి కరెంటు లీకయ్యే అవకాశం ఉంది. పెద్ద చేప దగ్గరికి వస్తేనే వణుకుతోందంటే ఇక్కడ అది కాదు. అయినా ఉప్పునీటి దగ్గర ఎర్తింగ్ ఉన్న బోర్డు, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. చేయి పెట్టే ముందు ప్లగ్గులు తీయండి. ఇంట్లో పిల్లలున్నారని రాశారు కాబట్టి చెప్తున్నా.

నీలగిరి_రీఫ్:
అందరికీ చాలా థాంక్స్. వణుకు సంగతి అర్థమైంది, అక్క చెప్పినట్టే అది వణకగానే పెద్దది తిరిగి వెళ్లిపోతోంది. మా అమ్మాయి ఇప్పుడు దాన్ని "దండం పెడుతోంది" అంటోంది.

కానీ నిన్న ఇంకోటి జరిగింది. మధ్యాహ్నం ఎండ మండిపోతుంటే కరెంటు పోయింది, చాలాసేపు రాలేదు. సాయంత్రానికి రెండు చేపలూ నీటి అంచున మూతులు పెట్టి గుటకలు వేస్తున్నాయి. ఇదీ నిద్రలాంటిదేనా?

పాలమూరు_పగడం:
కాదు! ఇది వేరు, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అది ఊపిరాడకపోవడం. నీరు వేడెక్కినకొద్దీ దానిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, ఉప్పునీటిలో మామూలు నీటికన్నా ముందే తక్కువ. దానికి తోడు పంపులు ఆగి పైనీరు కదలడం మానేసింది. నల్గొండ ఎండల్లో గదిలో ఏసీ లేకపోతే ట్యాంక్ 31, 32కు పోవడం పెద్ద సంగతేం కాదు.

బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు కొను, కరెంటు పోగానే దానంతట అదే ఆన్ అయ్యే రకం. ఇన్వర్టర్ ఉంటే నీటిని కదిలించే వేవ్‌మేకర్‌ను దానికి కలుపు, హీటర్‌ను మాత్రం కలపకు. అప్పటికప్పుడు ఏమీ లేకపోతే మగ్గుతో నీరు తీసి పైనుంచి పోస్తూ ఉండు, ఇంట్లో తలా కాసేపు పోయండి. మూత గాజు తీసేయి. ఐస్‌ను నేరుగా నీటిలో వేయకు. సీసాలో నీరు గడ్డకట్టించి మూత బిగించి ఆ సీసాను తేలేయి, టెంపరేచర్ ఒక్కసారిగా పడిపోకుండా చూసుకో.

నేను ఎండాకాలమంతా నీటి మీదికి చిన్న ఫ్యాన్ పెడతా, రెండు మూడు డిగ్రీలు దింపుతుంది. అయితే నీరు బాగా ఆవిరవుతుంది. ఉప్పు ఆవిరి కాదు కదా, సాలినిటీ పెరుగుతుంది. తగ్గినంత నీటిని రోజూ ఉప్పు లేని ఆర్వో నీటితోనే నింపాలి.

సూర్యాపేట_సాల్ట్:
దీనికి తోడు ఒకటి. మన నల్గొండ వైపు బోరు నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే, ఫ్లోరైడ్, పైగా ఉప్పులు ఎక్కువ. ఆ నీళ్లు రోజూ పోస్తే ఆవిరైనకొద్దీ అవన్నీ ట్యాంకులో పోగవుతాయి. మిషన్ భగీరథ కృష్ణా నీళ్లయినా క్లోరిన్ ఉంటుంది. క్యాన్ నీళ్లు కొంటే టీడీఎస్ మీటర్ (నీటిలో కరిగిన లవణాలు కొలిచేది) పెట్టి చూడండి, ఒక్కో ప్లాంటుది ఒక్కోలా ఉంటుంది. ఆర్వో తర్వాత డీఐ రెసిన్ (మిగిలిన లవణాల్ని కూడా పట్టేసేది) పెట్టి సున్నాకు తెస్తే మేలు.

నీలగిరి_రీఫ్:
ఎయిర్ పంపు తెచ్చాను. ఇన్వర్టర్‌కు వేవ్‌మేకర్ కలిపాను. ఆ రోజు నుంచి ఆ ఇబ్బంది లేదు.

కొత్త సంగతి: పెద్దది నన్ను కరిచింది! గాజు తుడుద్దామని చేయి పెడితే మూల నుంచి వచ్చి వేలు పట్టుకుంది. రక్తం రాలేదు కానీ ఉలిక్కిపడ్డాను. ఆ మూలలో ఒక పలకరాయి ఉంది. చిన్నది పొద్దున్నుంచీ దాన్ని నోటితో గీకుతోంది, కొరుకుతోంది, తోకతో ఇసుక ఊడుస్తోంది. పెద్దదాని పొట్ట గుండ్రంగా అయింది. పొట్టవాపా?

దేవరకొండ_జువాలజీ:
వాపు కాదు, శుభవార్త. గుడ్లు పెట్టబోతోంది. పొట్టవాపు జబ్బైతే చేప మందంగా ఉంటుంది, పొలుసులు పైకి లేస్తాయి, తిండి మానుతుంది. మీది చేయి కరిచేంత హుషారుగా ఉంది. పలకరాయిని శుభ్రం చేయడం మగదాని పని, కాపలా కాసేది ఎక్కువగా ఆడది. ఆ మూలలోకి కొన్నాళ్లు చేయి పెట్టకండి. రాయిని కదపకండి, లైటు రోజూ ఒకే టైముకు వేసి ఆపండి, ఒకటికి రెండు రకాల మేత వేయండి. రొయ్య రాత్రిపూట గుడ్లు తింటుంది, దాన్ని వేరే పెట్టగలిగితే పెట్టండి.

నీలగిరి_రీఫ్:
పెట్టింది! ఈ సాయంత్రం పలకరాయి మీద నారింజ రంగు గుడ్లు, అరచేతిలో సగమంత మేర. ఒక్కో గుడ్డూ నిలువుగా, ఒక కొస రాయికి అతుక్కుని ఉంది. చిన్నది ముందు రెక్కలతో విసురుతోంది, మధ్యమధ్య నోటితో ఒక్కో గుడ్డునూ తాకి చూస్తోంది. ఫోటో తీయబోతే పెద్దది గాజుకు వచ్చి కొట్టుకుంది. పిల్లల్ని బతికించుకోవచ్చా?

పాలమూరు_పగడం:
శుభం తమ్మీ! అమ్మాయికి చెప్పు. నారింజ రంగు రోజులు గడిచేకొద్దీ ముదురుతుంది, తర్వాత ప్రతి గుడ్డులో రెండు వెండి కళ్లు కనిపిస్తాయి. నీ టెంపరేచర్‌కు సుమారు ఎనిమిది రోజులకు, లైటు ఆపిన గంటా రెండు గంటల్లో పొదుగుతాయి. తెల్లబడిన గుడ్లను మగది తినేస్తుంది, అది మంచికే. మొదటి ఈతలో పెట్టిన గుడ్లు మొత్తం తినేసినా కంగారు పడొద్దు, కొత్త జంటలు తరచుగా అలాగే చేస్తాయి. మళ్లీ రెండు మూడు వారాలకే పెడతాయి.

పిల్లల్ని పెంచాలంటే అసలు పని మేత. పుట్టిన లార్వాకు మన పొడి మేత పనికిరాదు, బతికున్న రోటిఫర్లు (నీటిలో ఉండే అతి చిన్న జీవులు) కావాలి, వాటికి తినడానికి పచ్చటి నానోక్లోరాప్సిస్ ఆల్గే కావాలి. ఆ కల్చర్ చేతిలో లేకుండా లార్వాల్ని బయటికి తీయొద్దు, ఆకలితో పోతాయి. సుమారు రెండు వారాలకు తెల్ల పట్టీలు వచ్చాక సగం గండం గడిచినట్టే.

దేవరకొండ_జువాలజీ:
పద్ధతి నేర్చుకోవాలంటే కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రచురణలు చదవండి. మండపం, విజింజం కేంద్రాల్లో క్లౌన్ చేపల హేచరీ మీద ఏళ్ల తరబడి పనిచేశారు. హేచరీ పిల్లలు పెరిగినకొద్దీ సముద్రం నుంచి పట్టడం తగ్గుతుంది. నల్గొండలో మీ ఇంట్లో పెరిగిన ప్రతి పిల్లా ఆ మేరకు లెక్కే.

నీలగిరి_రీఫ్:
అయితే ఈ ఈతను తల్లిదండ్రులకే వదిలేస్తా. తర్వాతి ఈతకు కల్చర్ సిద్ధం చేసుకుంటా. రోటిఫర్లు, ఆల్గే మన జిల్లాల్లో ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

మిర్యాలగూడ_మెరైన్:
నా దగ్గర రెండూ ఉన్నాయి అన్నా. ఆదివారం పని మీద నల్గొండ వస్తున్నా, పొద్దున్నే బయల్దేరతా, ఎండెక్కితే రోటిఫర్లు దారిలోనే పోతాయి. రెండు లీటర్ల ఖాళీ సీసాలు నాలుగు కడిగి పెట్టు, సబ్బు మాత్రం తగలనీయకు. 1.018 సాలినిటీతో ఇరవై లీటర్ల నీళ్లు ముందురోజే కలిపి గాలి పెట్టి ఉంచు. ఆ పలకరాయిని నేను కూడా ఒకసారి చూడాలి.